రెప్ప వెంట్రుకలు తెల్లబడ్డ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి: ఒక వీకేహెచ్ కేసు

రోగి వయసు 28. ప్రకాశం జిల్లా పడమటి మెట్టప్రాంతంలో ఒక పల్లె. ఇంట్లోనే మిషను కుడుతుంది. భర్త తాపీ మేస్త్రి, ఐదేళ్ల పాప ఉంది. ఆమె వైద్యానికి బయల్దేరింది కళ్ల కోసం కాదు, బొల్లి మచ్చల కోసం. చర్మవైద్యుడు ఆమెను చూసి మా యూవియైటిస్ (కంటి లోపలి పొరల్లో మంట) క్లినిక్‌కి ఒక చీటీ రాసిచ్చి పంపారు: రెండు కళ్ల రెప్ప వెంట్రుకలు తెల్లబడ్డాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి, నాలుగు నెలల కిందట తలనొప్పి, చెవుల్లో హోరు, ఆ వెంటనే చూపు తగ్గడం, వీకేహెచ్ అని అనుమానం. మచ్చల కోసం వచ్చిన మనిషిని చెవుల గురించి అడిగారాయన. ఈ కేసులో అన్నిటికంటే విలువైన పరీక్ష అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

ఆమె అనుమతితో ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

వీకేహెచ్ అంటే వోట్-కొయనాగి-హరాడ వ్యాధి, శరీరపు రక్షణ వ్యవస్థే రంగునిచ్చే కణాల మీద దాడి చేసే జబ్బు. స్విట్జర్లాండ్‌లో వోట్ 1906లో, జపాన్‌లో హరాడ 1926లో, కొయనాగి 1929లో వేర్వేరుగా వర్ణించినవి చివరికి ఒకే జబ్బు అని తేలింది. తెల్లజాతి వాళ్లలో అరుదు. తూర్పు ఆసియా, దక్షిణాసియా, మధ్యప్రాచ్యం, లాటిన్ అమెరికా ప్రజల్లో ఎక్కువ. సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ల మధ్య వస్తుంది, ఆడవాళ్లలో కొంత ఎక్కువ. మన దగ్గర యూవియైటిస్ చూసే ఏ కంటి ఆసుపత్రికైనా ఇది పరిచయమున్న జబ్బే.

మొదటి దెబ్బ

ఆమె సంచిలో పాత కాగితాలన్నీ ఉన్నాయి, పాలిథిన్ కవర్లో పెట్టి, తేదీల వారీగా. ఆ కాగితాల నుంచీ, ఆమె మాటల నుంచీ కథ ఇలా తేలింది.

మొదట నాలుగైదు రోజులు విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం, కొద్దిగా జ్వరం. ఊళ్లో ఇంజెక్షన్లు వేయించుకుంది. తల దువ్వుకుంటే దువ్వెన తగిలిన చోటల్లా నొప్పి పుట్టేదట. దీన్ని ఆమె తనంతట తను చెప్పలేదు, నేను అడిగాక ఆశ్చర్యపోయి చెప్పింది. రెండు చెవుల్లో హోరు. ఆరో రోజున సూదిలో దారం ఎక్కించబోతే కుడి కంటికి బెజ్జం కనబడలేదు. మరుసటి రోజుకి ఎడమ కన్నూ అంతే. ఇంకో రెండు రోజులకి ఎదురుగా ఉన్న మనిషి మొహం పోల్చుకోలేకపోయింది.

జిల్లా కేంద్రంలోని కంటి డాక్టరు జబ్బును సరిగ్గా పట్టుకున్నారు. ఆనాటి చూపు కుడి కంట రెండు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టేంత, ఎడమ కంట 6/60 (మామూలు చూపు 6/6). రెటీనా పొరల్ని అడ్డకోతలా చూపే ఓసీటీ స్కాన్‌లో రెండు కళ్లలోనూ రెటీనా కింద నీరు, గదులు గదులుగా, మధ్యలో సన్నటి గోడలతో. నరంలోకి రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌లో మొదట సూదిమొన లాంటి చుక్కలు చాలాచోట్ల మెరిసి, చివరికి రంగు ఆ నీటి గదుల్లో నిండింది. అల్ట్రాసౌండ్‌తో చేసే బీ-స్కాన్‌లో రెటీనా వెనకుండే కోరాయిడ్ పొర మందంగా ఉంది. రక్తపోటు మామూలుగానే ఉంది, గర్భం లేదు, కంటికి ఎప్పుడూ దెబ్బ గానీ ఆపరేషన్ గానీ లేదు. ఈ మూడూ కాగితం మీద స్పష్టంగా రాసి ఉండటం చూసి ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది. బీపీ విపరీతంగా పెరిగినా, గర్భవాతం వచ్చినా రెటీనా కింద ఇలాగే నీరు చేరవచ్చు. ఇక ఒక కంటికి లోతైన గాయమయ్యాక రెండు కళ్లలోనూ వచ్చే సింపథటిక్ ఆఫ్తాల్మియా అచ్చం వీకేహెచ్ లాగే ఉంటుంది. తేడా తెలిసేది ఆ ఒక్క ప్రశ్నతోనే.

మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకి 1 గ్రాము చొప్పున మూడు రోజులు సెలైన్‌లో ఎక్కించారు. తర్వాత ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకి 50 మిల్లీగ్రాములు. రెండు వారాలకి నీరు ఇంకిపోయింది. ఆరో వారానికి రెండు కళ్లూ 6/9. ఆమె మళ్లీ మిషనెక్కింది.

పదో వారంలో, మోతాదు ఇంకా 30 మిల్లీగ్రాముల దగ్గర ఉండగా, మాత్రలన్నీ ఒక్కసారిగా మానేసింది.

ఎందుకు మానేసింది

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఈ జబ్బులో చూపు పోయేది చాలాసార్లు ఇక్కడే.

వాళ్లమ్మ మాటల్లో: "ఆ మాత్రలు మింగినాకనే ఇట్టయిందమ్మా. ముందు మొహం ఉబ్బింది. తర్వాత రెప్పలు తెల్లగయినయ్, మచ్చలొచ్చినయ్. ఇంకెట్టా మింగనిస్తాం?"

మొహం ఉబ్బింది స్టెరాయిడ్ వల్లే, అందులో తల్లి పొరపాటేమీ లేదు. తెలుపు మాత్రం మాత్రల వల్ల కాదు. జబ్బు నడిచే క్రమమే అది. రంగునిచ్చే మెలనోసైట్ కణాలు పిండదశలో వెన్ను వెంట ఏర్పడే న్యూరల్ క్రెస్ట్ నుంచి పుట్టి వలస పోతాయి. చర్మంలోకీ వెంట్రుకల కుదుళ్లలోకీ వెళ్లేవే మనకు తెలుసు. అవే కణాలు రెటీనా వెనక రక్తనాళాలతో నిండిన కోరాయిడ్ పొరలోనూ, లోపలి చెవిలోనూ, మెదడును కప్పే పొరల్లోనూ ఉంటాయి. వీకేహెచ్‌లో శరీరపు రక్షణ వ్యవస్థలోని టీ-కణాలు ఈ మెలనోసైట్ల మీదే దాడి చేస్తాయి. మెదడు పొరల్లో దాడి జరిగితే తలనొప్పి, మెడ పట్టు. చెవిలో జరిగితే హోరు, వినికిడి తగ్గడం. కోరాయిడ్‌లో జరిగితే అది వాచి, నీరు ఊరి రెటీనాను పైకి లేపేస్తుంది. చర్మంలో, వెంట్రుకల్లో రంగు పోవడం మాత్రం వారాలు, నెలలు ఆలస్యంగా బయటపడుతుంది. నాలుగు చోట్ల జరిగేదీ ఒకే యుద్ధం.

ఈ ఆలస్యమే కొంప ముంచుతుంది. జబ్బుకీ తెలుపుకీ మధ్యలో మాత్రలు వచ్చి నిలబడతాయి. చూసేవాళ్లకి మాత్రల తర్వాత తెలుపు వచ్చినట్టే కనిపిస్తుంది, నింద వాటి మీద పడుతుంది. నిజానికి త్వరగా, తగినంత మోతాదులో స్టెరాయిడ్ మొదలైనవాళ్లలో ఈ మచ్చలు తక్కువగా ఉంటాయన్నది యూవియైటిస్ చూసే చాలామంది అనుభవం. అందుకే నేను గట్టిగా నమ్మే విషయం ఒకటి చెప్తాను. వీకేహెచ్ అని నిర్ధారణ అయిన రోజునే, ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేనప్పుడే, "మూడు నెలల్లో రెప్పలు తెల్లబడవచ్చు, బొల్లి రావచ్చు, అది జబ్బు వల్ల, మాత్రల వల్ల కాదు" అని రోగికీ, ఇంట్లో మాట చెల్లే పెద్దకీ కలిపి చెప్పాలి. మందుల చీటీ మీద తెలుగులో రాసివ్వాలి. తెలుపు వచ్చాక చెప్తే అది సంజాయిషీ లాగే వినిపిస్తుంది.

బొల్లి అనే మాటకి మన పల్లెల్లో ఉన్న బరువు డాక్టర్లకి తెలియనిది కాదు. ఈమె చెల్లెలికి అప్పుడే ఒక సంబంధం కుదిరే దశలో ఉంది. అక్క రెప్పలు చూసి అవతలివాళ్లు వెనకడుగు వేశారు. తర్వాత ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. పులుపు, చేప, గుడ్డు, పాలు, వంకాయ అన్నీ బంద్ చేశారు. స్టెరాయిడ్ వాడుతున్న మనిషికి కాల్షియం, మాంసకృత్తులు ఎక్కువ కావాల్సిన సమయంలో ఈ పథ్యం. ఎవరో చెప్పారని బావంచాలు నూరి మెడ వెనక మచ్చలకి పూసి ఎండలో కూర్చోబెట్టారు. బావంచి గింజల్లో సోరలెన్ ఉంటుంది, ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. ఆమె మా దగ్గరికి వచ్చేసరికి మెడ మీద బొబ్బలు మాని నల్లటి చారలు మిగిలాయి. రెప్పల మీద కూడా పూద్దామనుకున్నారట. పూయనందుకు అదృష్టం.

నుదుటి మీద మచ్చ గురించి తల్లికి ఇంకో అనుమానం: స్టికర్ బొట్టు. ఆ అనుమానాన్ని తోసేయకూడదు. కొన్ని స్టికర్ల జిగురులో ఉండే పారా-టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం బొట్టు పెట్టుకునే చోట సరిగ్గా గుండ్రంగా రంగు పోగొట్టగలదు. అయితే ఆ మచ్చ బొట్టు చోటు దగ్గరే మొదలవుతుంది, రెప్ప వెంట్రుకల్ని తెల్లబరచదు. ఈమె మచ్చ నుదుటి అంచున, జుట్టు మొదలయ్యే చోట ఉంది.

మా దగ్గర చూసినప్పుడు

చూపు కుడి 6/18, ఎడమ 6/24. రెండు కళ్లూ ఎర్రగా, వెలుగు భరించలేని స్థితిలో ఉన్నాయి. స్లిట్ ల్యాంప్‌లో కార్నియా వెనక వైపు పెద్ద పెద్ద కొవ్వు చుక్కల్లాంటి మచ్చలు, నల్లగుడ్డు అంచున చిన్న గడ్డలు, కంటిపాప చాలాచోట్ల వెనకనున్న లెన్స్‌కి అతుక్కుపోయి గుండ్రదనం కోల్పోయింది. కంటి ఒత్తిడి కుడి 26, ఎడమ 28. మామూలుగా 21కి లోపు ఉండాలి.

ముందుభాగంలో ఇలా మళ్లీ మళ్లీ రేగే మంట ఈ జబ్బు మూడు నెలలు దాటాక వేసే వేషం. మొదటి దెబ్బ కంటి వెనక తగులుతుంది, తిరగబెట్టినప్పుడు ముందు తగులుతుంది. అందుకే కొత్త డాక్టరు దీన్ని మామూలు ఐరైటిస్ (కంటి ముందుభాగంలో మాత్రమే మంట) అనుకుని చుక్కల మందు ఒక్కటే ఇచ్చి పంపే ప్రమాదం ఉంది.

రెటీనా కింద నీరు లేదు. కానీ కంటి లోపలి రంగు మారిపోయింది. మన కళ్లలో కోరాయిడ్ రంగు దట్టంగా ఉండటం వల్ల కంటి అడుగు గోధుమ ఛాయతో కూడిన ఎరుపులో కనిపిస్తుంది. ఈమెకి అది వెలిసి నారింజ రంగుకు తిరిగింది. పుస్తకాల్లో సన్‌సెట్ గ్లో అని రాసేది ఇదే. అంచుల వైపు నాణేల్లా గుండ్రటి తెల్లమచ్చలు. బయటికి ఆమె నల్లగుడ్డు రంగు మారలేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇది తెలిసే వీలు లేదు.

కోరాయిడ్‌ని లోతుగా చూపే ఓసీటీలో దాని మందం రెండు కళ్లలోనూ 450 మైక్రాన్లు దాటింది. ఈ వయసులో 300 చుట్టుపక్కల ఉండాలి. అంటే ముందున్న ఎరుపు తగ్గితే పని అయిపోయినట్టు కాదు, వెనక ఇంకా మంట నడుస్తూనే ఉంది.

చర్మం సంగతి: రెండు కళ్ల పై రెప్పల వెంట్రుకలు సగానికి పైగా తెలుపు, ఎడమ కనుబొమలో ఒక చీలిక, నుదుటి పైన ఒక తెల్ల పాయ. మచ్చలు రెప్పల మీద, మెడ వెనక, చేతుల వెనక భాగంలో, నడుము కింద. నడుము కింద మచ్చ ఉందని ఆమెకే తెలియదు. వీకేహెచ్ అనుమానం ఉన్నప్పుడు ఆ చోటు తప్పక చూడాలి. వినికిడి పరీక్షలో సన్నటి స్వరాల దగ్గర కొద్దిపాటి లోపం తేలింది.

2001లో సవరించిన నిర్ధారణ సూత్రాల ప్రకారం రెండు కళ్ల లక్షణాలతో పాటు మెదడు లేదా చెవి లక్షణాలు ఉంటే అసంపూర్ణ వీకేహెచ్, చర్మమూ వెంట్రుకలూ కూడా తోడైతే సంపూర్ణం. మొదటి నెలలో ఆమెది అసంపూర్ణం, మా దగ్గరికి వచ్చేసరికి సంపూర్ణం.

ఇలాంటి కొవ్వు చుక్కల మంటని మన దేశంలో చూసినప్పుడు క్షయ కాదని తేల్చుకోకుండా స్టెరాయిడ్ పెంచకూడదు. సార్కాయిడ్ (ఒంట్లో చాలాచోట్ల చిన్న గడ్డలు కట్టే మంట జబ్బు), సిఫిలిస్ కూడా ఇలాగే కనిపించవచ్చు. క్షయ కోసం చేసే మాంటూ చర్మపరీక్ష 6 మిల్లీమీటర్లు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రం, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు నెగెటివ్. షుగర్, కాలేయం పరీక్షలు, రక్తకణాల లెక్క బాగానే ఉన్నాయి.

చికిత్స

గంటగంటకీ ప్రెడ్నిసొలోన్ చుక్కలు, అతుక్కున్న కంటిపాప విడివడటానికి హోమాట్రోపిన్. ఒత్తిడికి టైమొలాల్, డోర్జోలమైడ్ కలిసిన చుక్కలు. ఉబ్బసం లేదని అడిగాకే టైమొలాల్ ఇచ్చాం. లాటనోప్రోస్ట్ జాతి చుక్కలు కంట్లో మంట ఉన్నప్పుడు ఇవ్వడానికి వెనకాడతాం. అవి రెప్ప వెంట్రుకల్ని నల్లగా, ఒత్తుగా చేస్తాయని ఎక్కడో విని, రెప్పల కోసం వాటిని రాయమని తర్వాత ఒకసారి ఆమె చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్నే. ఎందుకు ఇవ్వడం లేదో వివరంగా చెప్పాను.

మాత్రలు: ప్రెడ్నిసొలోన్ బరువుకి తగ్గట్టు కిలోకి 1 మిల్లీగ్రాము, అంటే 50 మిల్లీగ్రాములు. ఈసారి దానితో పాటు రక్షణ వ్యవస్థను అదుపు చేసే అజాథయోప్రిన్. తిరగబెట్టిన వీకేహెచ్‌ని స్టెరాయిడ్ ఒక్కదాని మీద నడపాలనుకోవడం రోగి ఎముకల్నీ, లెన్స్‌నీ పణంగా పెట్టడమే. మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ కూడా బాగా పనిచేస్తాయి, కానీ రెండూ గర్భంలో పిండానికి హాని చేసేవి. ఆమెకి ఇంకో బిడ్డ కావాలని ఉంది. ఆ విషయం భర్త లేనప్పుడు, తల్లి లేనప్పుడు, ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. అజాథయోప్రిన్‌ని అవసరమైతే గర్భంలోనూ కొనసాగించవచ్చు.

అజాథయోప్రిన్ విషయంలో మనవాళ్లకి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లలో ఈ మందు మొదలైన కొద్ది వారాల్లోనే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, దానితో పాటు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ఈ తేడా తెల్లజాతివాళ్లలో అరుదు, ఆసియావాళ్లలో తరచు. జన్యు పరీక్ష చేయించే వీలు లేకపోతే 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకి రక్తపరీక్ష చూసి, అప్పుడే పెంచాలి. మేం అలాగే 100కి చేర్చాం. "జుట్టు ఒక్కసారిగా ఊడితే మాత్ర ఆపేసి అదే రోజు ఫోన్ చెయ్యి" అన్నది మాత్రం చీటీ మీద పెద్దక్షరాలతో రాశాను. మాత్ర తనంతట తను ఆపడానికి నేను ఒప్పుకున్న సందర్భం అదొక్కటే.

ఇంటివాళ్లతో మాట్లాడటానికి ఒక పూర్తి సాయంత్రం కేటాయించాం. మొదటి కాగితాలు ముందు పెట్టి, తలనొప్పి తేదీ, హోరు తేదీ, చూపు పోయిన తేదీ, మొదటి మాత్ర వేసుకున్న తేదీ వరుసగా రాసి చూపించాను. మాత్ర కంటే ముందే జబ్బు మూడు చోట్ల మొదలైందని ఆ కాగితమే చెప్పింది. వాళ్లమ్మ చాలాసేపు దాన్నే చూసి, "అయితే మానిపించి తప్పు చేశామా అమ్మా?" అంది. ఎవరూ చెప్పని సంగతి మీకెట్లా తెలుస్తుందమ్మా, ఇప్పటినుంచి మాత్రలు మింగించే పని మీదే అన్నాను. ఆ రోజు నుంచి ఆమె ఒక్క పూట కూడా మర్చిపోనివ్వలేదు.

అంటుతుందా అని అడిగారు. అంటదు. పాపకి వస్తుందా? హెచ్‌ఎల్‌ఏ-డీఆర్4 అనే రక్షణ వ్యవస్థ జన్యువు వర్గానికి చెందిన కొన్ని రకాలు ఉన్నవాళ్లలో ముప్పు ఎక్కువే కానీ, అవి ఉన్నవాళ్లలో అత్యధికులకి ఈ జబ్బు రాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం చాలా అరుదు. చెల్లెలి సంబంధం వాళ్లకి కావాలంటే నేను ఈ మాట ఫోన్లో చెప్తానన్నాను. వాళ్లు అడగలేదు.

పథ్యం ఆపించాం. గుడ్డు, పాలు, చేప అన్నీ తినమన్నాం. ఉప్పు, తీపి తగ్గించమన్నాం. కాల్షియం, విటమిన్ డీ ఇచ్చాం.

తర్వాత

నాలుగో వారానికి కంట్లో మంట చల్లారింది. కంటిపాప ఎడమ కంట రెండు చోట్ల అతుక్కునే ఉండిపోయింది, అది ఇక విడదు. చూపు రెండు కళ్లలో 6/9. అయినా కోరాయిడ్ మందం 300 దగ్గరికి రావడానికి మూడో నెల దాకా పట్టింది. చూపు చూసి మోతాదు తగ్గించకుండా ఈ మందాన్ని చూసి తగ్గించాం. ప్రెడ్నిసొలోన్ 20కి వచ్చాక ప్రతి మూడు నాలుగు వారాలకి రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున దింపి, పదో నెలలో ఆపాం. ఆరు నెలల కంటే ముందు ఆపితే తిరగబెట్టే ముప్పు బాగా ఎక్కువ. ఇప్పటికే ఒకసారి తిరగబెట్టిన మనిషికి మరింత నెమ్మది అవసరం. కంటి ఒత్తిడి 16కి దిగింది, చుక్కలు ఆపేశాం. హోరు పోయింది, వినికిడి పరీక్ష మామూలుకి వచ్చింది.

చర్మం దగ్గర మా విజయం పాక్షికమే. చర్మవైద్యుడు మెడ మీద, రెప్పల మీద టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాశారు. మెడ వెనక మచ్చల్లో కుదుళ్ల చుట్టూ నల్లటి చుక్కలు పుట్టి కలుస్తున్నాయి. చేతుల వెనక మచ్చల్లో కదలిక లేదు. మచ్చ మీద వెంట్రుకలు నల్లగా ఉన్నచోట రంగు తిరిగి వచ్చే ఆశ ఉంటుంది, ఎందుకంటే కొత్త మెలనోసైట్లు వచ్చేది కుదుళ్ల నుంచే. వెంట్రుకలే తెల్లబడితే ఆ గోదాము ఖాళీ అయినట్టు. రెప్పలు అలాగే ఉండిపోవచ్చని ఆమెకి దాచకుండా చెప్పాం. రెప్పలకి హెయిర్ డై వేయొద్దని గట్టిగా చెప్పాను. అందులోని పారా-ఫినైలిన్ డయమిన్ కంటికి చేసే హాని చిన్నది కాదు. మంట లేనప్పుడు మస్కారా పెట్టుకోవచ్చు, రాత్రి కడిగేయాలి. పెళ్లిళ్లకి పెట్టుకుంటోంది. మామూలు రోజుల్లో అక్కర్లేదంటోంది.

మొదటి చికిత్స నుంచి ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. చూపు కుడి 6/6, ఎడమ 6/9. ఎడమ లెన్స్ వెనక భాగంలో శుక్లం మొదలైంది. స్టెరాయిడ్ వల్లా కావచ్చు, మంట వల్లా కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు. ఆపరేషన్ అవసరమైతే కన్ను కనీసం మూడు నెలలు పూర్తి నెమ్మదిగా ఉన్నాకే చేస్తాం. అజాథయోప్రిన్ 100 మిల్లీగ్రాములు కొనసాగుతోంది, రెండు నెలలకోసారి రక్తపరీక్షలు జిల్లా కేంద్రంలోనే చేయించి ఫలితాలు ఫోన్లో పంపుతుంది. రెండో బిడ్డ గురించి భార్యాభర్తలు ఇద్దరూ వచ్చి మాట్లాడారు. వీకేహెచ్ గర్భంలో తరచుగా సద్దుమణుగుతుంది, కాన్పు తర్వాత రేగే అవకాశం ఉంటుంది. కాబట్టి కాన్పయిన నెలలోపే కంటి పరీక్ష, కోరాయిడ్ స్కాన్ చేయాలని ఆమె కేసు పుస్తకం మొదటి పేజీలో రాసి, ఆమెను చూసే గైనకాలజిస్టుకి ఒక ప్రతి పంపాం.